అర్ధరాత్రి నుంచి నాలుగింటి దాకా



మా మాస్టారి పేరిట ఈ స్మారకోపన్యాసానికి నిధి ఏర్పాటు చేసినప్పుడు ఆయన పిల్లలు ఒకే షరతు పెట్టారు. విషయం సాహిత్యమైనా కావాలి, జీవశాస్త్రమైనా కావాలి. మాస్టారు పగలు జంతుశాస్త్రం చెప్పేవారు, సాయంత్రం సాహిత్య సంఘం నడిపేవారు. కప్పను కోయడం నేర్పిన చేత్తోనే మా కథలూ దిద్దారు. నన్ను పిలిచినప్పుడు, రెండింటికీ సరిపోయే రచయిత ఎవరున్నారా అని ఆలోచించాను. అమెరికా నవలా రచయిత్రి డయానా గాబల్డోన్ గుర్తొచ్చారు. ఫాంటసీ, ప్రేమ, చరిత్ర కలగలిపిన ‘ఔట్‌లాండర్’ నవలలు ఆవిడవి. విషయం చెప్పగానే తెలుగు శాఖలోని ఒక మిత్రుడు “అద్దె లైబ్రరీ సరుకు కదండీ!” అన్నాడు. అవును, అద్దె లైబ్రరీ సరుకే. అందుకే ఈ గంటసేపు దాని గురించి మాట్లాడదామనుకుంటున్నాను. అద్దె లైబ్రరీలో నలిగిన పుస్తకం ఎలా తయారైందో మన విశ్వవిద్యాలయాల్లో అంతగా పట్టించుకోలేదు.

గాబల్డోన్ 1952లో అరిజోనా రాష్ట్రంలో పుట్టి, ఫ్లాగ్‌స్టాఫ్‌లో పెరిగారు. తండ్రి రాష్ట్ర సెనేటర్‌గా పనిచేశారు. ఆవిడ చదివింది సాహిత్యం కాదు. బీఎస్సీ జంతుశాస్త్రం, మాస్టర్స్ సముద్ర జీవశాస్త్రం, 1978లో పీహెచ్‌డీ ఆవరణశాస్త్రం. పీహెచ్‌డీ పరిశోధన పిన్యన్ జే అనే పక్షి మీద. అమెరికా పడమటి కొండల్లో గుంపులు గుంపులుగా తిరిగే నీలిరంగు పక్షి అది, కాకి కుటుంబానిది. గూడు కట్టడానికి చోటెలా ఎంచుకుంటుందన్నది ప్రశ్న. పక్షి గూడు ఎక్కడ కడుతుందో, ఆ సంగతి ఎవరికి కావాలో అని ఆవిడే తన సిద్ధాంత గ్రంథం మీద జోకులేస్తుంటారు. కానీ ఆ పని ఎలాంటిదో ఇక్కడి జంతుశాస్త్రం విద్యార్థులకు తెలుసు. ఏ చెట్టు, ఏ కొమ్మ, కొమ్మ ఏ దిక్కుకు ఉంది, ఎండ ఎప్పుడు తగులుతుంది, గాలి ఎటు నుంచి వస్తుంది — ఇవన్నీ రాసుకుంటూ కూర్చోవాలి. ఈ అలవాటు నవలల్లోకి ఎలా వచ్చిందో కాసేపట్లో చూద్దాం.

ఆవిడ రాసి సంపాదించిన తొలి డబ్బుల్లో డిస్నీ కామిక్కులవీ ఉన్నాయి. చిన్నప్పుడు ఆ బొమ్మల పుస్తకాలతోనే చదవడం నేర్చుకున్నారు. పెద్దయ్యాక ఒకరోజు ఒక కామిక్ చదివి, ఇంత నాసిరకంగా ఉందేమిటని నేరుగా సంపాదకుడికి ఉత్తరం రాశారు, ఇంతకంటే బాగా నేను రాయగలను అని. ఆయన కోప్పడలేదు, సరే రాసి పంపమన్నాడు. మొదటిది తీసుకోలేదు, ఎందుకు తీసుకోలేదో మాత్రం విడమరిచి చెప్పాడు. రెండోది కొన్నాడు. ఆ తర్వాత అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఉద్యోగం. శాస్త్రవేత్తలకు కంప్యూటర్ అప్పుడే కొత్తగా చేతికొస్తున్న కాలం. వాళ్ళకోసం ‘సైన్స్ సాఫ్ట్‌వేర్ క్వార్టర్లీ’ అనే పత్రిక మొదలుపెట్టి నడిపారు. ఇంట్లో ముగ్గురు చిన్నపిల్లలు. ఉద్యోగం కాక పైన కంప్యూటర్ పత్రికలకు వ్యాసాలు.

నవల రాయాలని చిన్ననాటి నుంచీ ఉంది. ముప్పై అయిదు దాటాక, మోజార్ట్ ముప్పై అయిదేళ్ళకే పోయాడు, ఇంకెప్పుడు మొదలుపెడతావని తనను తాను నిలదీసుకున్నారట. 1988 మార్చిలో మొదలుపెట్టారు. అచ్చు వేయడానికి కాదు, నవల రాయడమంటే ఏమిటో రాసి తెలుసుకుందామని. ఎవరికీ చెప్పలేదు. మొదట్లో భర్తకు కూడా! చెబితే ఇన్ని పనుల మధ్య ఇదెందుకని ఆపుతాడని భయం.

ఏ కాలం, ఏ దేశం అన్నది తేలింది టీవీ వల్ల. ‘డాక్టర్ హూ’ అనే బ్రిటిష్ సీరియల్లో పాత భాగం ఒకటి మళ్ళీ వేస్తుంటే చూశారు. అందులో స్కాట్లాండ్ కుర్రాడొకడు కిల్టు కట్టుకుని కనిపించాడు. మర్నాడు చర్చిలో కూర్చున్నా ఆ కుర్రాడే కళ్ళ ముందు తిరుగుతున్నాడు. సరే, పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లాండే అనుకున్నారు. అంతకుముందు ఆవిడ స్కాట్లాండ్ చూడలేదు. తొలి నవల మొత్తం విశ్వవిద్యాలయం లైబ్రరీలోని పుస్తకాలతోనే రాశారు. ప్రచురణకర్త ఇచ్చిన అడ్వాన్సులో కొంత ఖర్చుపెట్టుకుని ఆ దేశం చూడ్డానికి వెళ్ళింది ఆ తర్వాతే.

ఇక పాత్రలు. కిల్టు కట్టిన మగవాళ్ళు చాలామంది ఉన్నారు, ఎదురు నిలబడి మాట్లాడే ఆడమనిషి కావాలి. ఇంగ్లీషు మనిషైతే స్కాట్లతో పేచీ దానంతటదే వస్తుంది కదా అని, ఒక గుడిసెనిండా స్కాట్లను కూర్చోబెట్టి, ఆమెను లోపలికి పంపారు. నువ్వెవరని అడిగారు వాళ్ళు. ఆమె పేరు చెప్పి, ఇంతకీ నువ్వెవరివిరా అన్నట్టు ఎదురు ప్రశ్న వేసింది. పద్దెనిమిదో శతాబ్దపు స్త్రీ అలా మాట్లాడదు. కొన్ని పేజీల పాటు ఆమెను దారికి తేవాలని చూశారు. ఆమె వినలేదు సరిగదా, కథ చెప్పే బాధ్యత కూడా తానే లాక్కుంది. చివరికి రచయిత్రే తగ్గారు. సరే, నీ కాలంలోనే ఉండు, ఇక్కడికెలా వచ్చావో తర్వాత చూసుకుందామని. అలా క్లేర్ 1945 నాటి యుద్ధ నర్సు అయింది. నిలువురాళ్ళ వలయంలో ఒక రాతిని తాకి 1743లో పడింది. నవల్లోని మాయ మొత్తం ఇదే. ఈ మాయ ముందు అనుకున్నది కాదు, మాట వినని పాత్ర కోసం కట్టిన దారి.

ఇలాంటివి చాలామంది రచయితలు చెబుతారు. పాత్రలు నా మాట వినవండీ అనడం మనవాళ్ళలోనూ ఫ్యాషనే. నాకు ఈ మాట మీద పెద్ద నమ్మకం లేదు. పాత్ర నోట పలికించేదీ రచయితే కదా! కానీ ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆవిడ ఆ వాక్యాన్ని కొట్టేయలేదు. తను ముందు వేసుకున్న లెక్కకు కుదరని పరిశీలన కనబడితే, పరిశీలనను పారేయకుండా లెక్కను మార్చుకున్నారు. ప్రయోగశాలలో మాస్టారు మాకు చెప్పింది కూడా అదే. స్లైడులో పుస్తకంలో లేనిది కనిపిస్తే, కనిపించిందే గీయమనేవారు.

ఇప్పుడు అసలు పనితీరు చూద్దాం. గాబల్డోన్ ముందుగా కథాసంగ్రహం రాసుకోరు. మొదటి అధ్యాయం, రెండో అధ్యాయం అని వరసలోనూ రాయరు. కంటికి కనబడిన చోట మొదలుపెడతారు. ఆవిడే చెప్పిన ఉదాహరణ ఒకటుంది. చలికాలం, బుర్ర కదలడం లేదు. సోథెబీస్ వేలంపాట సంస్థ కేటలాగు తిరగేస్తుంటే ఒక స్ఫటికపు పానపాత్ర బొమ్మ కనిపించింది. దాన్ని చూస్తూ ఒక వాక్యం రాశారు, పాత్ర గుండా వెలుగు పడుతోందని. ఆ వాక్యం దగ్గరే ఆగిపోయారు. ‘వెలుగు’ ముందుండాలా, ‘పాత్ర’ ముందుండాలా? ఒక మాట తీస్తారు, మళ్ళీ పెడతారు. ఈ సర్దుడు సాగుతుండగా వెనకనుంచి ప్రశ్నలు బయలుదేరతాయి. వెలుగు ఏ రంగు? నాకు చలేస్తోంది కాబట్టి అక్కడా చలికాలమే, వెలుగు నీలంగా ఉంటుంది. అయితే పొద్దు వాలుతోందన్నమాట. వెలుగు ఎక్కడ పడుతోంది? నునుపు తేలిన బల్ల మీద. అంత మంచి బల్ల ఉందంటే డబ్బున్న ఇల్లు. బల్ల దగ్గర ఎవరున్నారు? ఎవరి కోసం చూస్తున్నారు? ఇలా పానపాత్ర నుంచి గదికి, గది నుంచి మనిషికి, మనిషి నుంచి మనసులోని బాధకు వెళతారు.

చూశారా, ఇది పక్షిగూడు పని. కొమ్మ ఏ దిక్కుకు ఉంది, ఎండ ఎప్పుడు తగులుతుంది. ప్రేమకథ రాసేవాళ్ళు మనసు నుంచి మొదలుపెడతారనుకుంటాం. ఆవిడ బల్ల మీద పడ్డ వెలుగు నుంచి మొదలుపెడతారు. ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. ఊహాలోకంలో ప్రేమను నిలబెట్టేది పెద్ద ఊహ కాదు, దగ్గరగా చూసే చూపు.

ఇలా రాసిన ముక్కలు పోగవుతాయి. ఒకదానికొకటి సంబంధం ఉండదు. పాతిక ముక్కలయ్యాక కొన్ని దగ్గరకొస్తాయి, ఇది జరగాలంటే దీనికి ముందు అది జరిగుండాలని తెలుస్తుంది. సగం పుస్తకం దాటాక మొత్తం పుస్తకానికి ఒక ఆకారం కనిపిస్తుందంటారు. ‘ఔట్‌లాండర్’ ఆకారం ఒకదాని మీదికి మరొకటి వచ్చిన మూడు త్రికోణాలు. ఒక్కో త్రికోణానికి ఒక్కో శిఖరం. ఇరవయ్యో శతాబ్దానికి తిరిగి పోవచ్చని తెలిసీ క్లేర్ రాళ్ళ దగ్గర వెనక్కి తిరగడం మొదటిది. అక్కడ తను పెళ్ళాడిన జెమీని వెంట్‌వర్త్ జైలు నుంచి తప్పించడం రెండోది. అక్కడ జరిగిన దానికి ముక్కలైన అతని మనసును మఠంలో బతికించడం మూడోది. రెండో నవల ‘డ్రాగన్‌ఫ్లై ఇన్ ఆంబర్’ ఆకారం డంబెల్. రెండు కొసలా 1968, మధ్యలో పారిస్, మళ్ళీ స్కాట్లాండ్. అది తెలిశాకే ఏ ముక్క ఎక్కడ అతకాలో తేలుతుంది.

మన నవలా రచయితలు ఇలా ఎందుకు రాయలేదు? తెలివి లేక కాదు, తీరిక లేక. మన పాపులర్ నవల చాలావరకు పత్రికల్లో ధారావాహికగా పుట్టింది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ మాసపత్రిక ‘జ్యోతి’లో అలాగే వచ్చింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో వచ్చింది. వచ్చే సంచికకు వచ్చే భాగం పంపాలి, అదీ పాఠకుడు ఆగలేని చోట ఆపి పంపాలి. పదిహేనో వారం ఆకారం తెలిస్తే, రెండో వారాన్ని వెనక్కి తెచ్చి దిద్దే అవకాశం లేదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు ఏళ్ళ తరబడి రాసిన మాంత్రికుల సీరియళ్ళదీ ఇదే పరిస్థితి. పైగా మన దగ్గర బీరువాలు వేరైపోయాయి. మాంత్రికుడు పిల్లల బీరువాలోకి, ప్రేమ ఆడవాళ్ళ బీరువాలోకి వెళ్ళాయి. ఇద్దరినీ ఒకే పుస్తకంలో కూర్చోబెట్టడం మనకు కొత్తేమీ కాదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో ఆ పని చేశాడు. అదీ వరస తప్పించి! పసిపిల్ల మధురలాలస పూర్వజన్మ వృత్తాంతం చెప్పేదాకా మనం అంతవరకు చదివిన కథకు అర్థమేమిటో మనకే తెలియదు. కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆ కావ్యం కథా నిర్మాణాన్ని అంతగా మెచ్చుకున్నారు కదా, ఆ మెప్పు మన నవలా రచయితల దాకా చేరినట్టు లేదు.

రాసే వేళ గురించి కూడా ఒక మాట. గాబల్డోన్ రాసేది అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున నాలుగింటి దాకా. ఇంట్లో అందరితోపాటు పడుకుని, మళ్ళీ లేచి కూర్చుంటారు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు మిగిలిన వేళ అదొక్కటే. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయినా అలవాటు పోలేదు. దీన్ని తపస్సనీ సాధన అనీ పొగడబుద్ధి కావడం లేదు నాకు. వంటింటి పని తెమిలాక దీపం దగ్గర రాసుకున్న మన రచయిత్రులు ఎందరో ఉన్నారు. వాళ్ళను ఎవరూ వేళలు అడగలేదు.

రాత ఇల్లు దాటి బయటపడిన తీరు తమాషాగా ఉంటుంది. అప్పట్లో కంప్యూసర్వ్ అనే కంప్యూటర్ నెట్‌వర్క్‌లో సాహిత్యాభిమానులు కబుర్లాడుకునేవారు. గర్భవతిగా ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, మా ఆవిడకు ముగ్గురు పిల్లలు అని అక్కడొక మగమనిషి వాదనకు దిగాడు. గాబల్డోన్‌కు అప్పటికి ముగ్గురు పిల్లలు. వాదించడం మానేసి, తన దగ్గరున్న ముక్కల్లోంచి ఒకటి తీసి అక్కడ పెట్టారు. కడుపుతో ఉండటం లోపల ఎలా అనిపిస్తుందో ఒక పాత్ర నెల నెలా చెప్పుకుపోయే ముక్క అది. చదివినవాళ్ళు వాదన సంగతే మరిచిపోయి, ఇది ఏ పుస్తకంలోది, మిగతాది ఎక్కడుందని వెంటపడ్డారు. అలా పాఠకులు దొరికారు, వాళ్ళ ద్వారా ఏజెంటు దొరికాడు, మూడు పుస్తకాలకు ఒప్పందం కుదిరింది. ‘ఔట్‌లాండర్’ 1991లో అచ్చయింది. బ్రిటన్‌లో ‘క్రాస్ స్టిచ్’ అనే పేరుతో వచ్చింది. అక్కడి ముద్రణలో 1945ను 1946గా మార్చారు. యుద్ధం ముగిసిన వెంటనే దంపతులు స్కాట్లాండ్‌కు విహారానికి వెళ్ళే పరిస్థితి లేదని అక్కడివాళ్ళకు తెలుసు. రాతిలోంచి రెండు వందల ఏళ్ళు వెనక్కి దూకడాన్ని పాఠకుడు ఒప్పుకున్నాడు, సంవత్సరం తేడాను మాత్రం ఒప్పుకోలేదు!

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. ఈ తరహా నవలకు ప్రాణం ఇక్కడే ఉంది. జెమీ ఇంటిపేరు ఫ్రేజర్ ఎందుకైందో చూడండి. 1746 ఏప్రిల్ 16న స్కాట్లాండ్‌లోని కలోడెన్ మైదానంలో తిరుగుబాటుదారులైన జాకొబైట్ల సేన ఓడింది. గాయపడిన కొందరు అధికారులు దగ్గరలోని ఇంట్లో తలదాచుకున్నారు. వైద్యం లేకుండా రెండు రోజులు పడి ఉన్నాక వాళ్ళను బయటికి లాగి కాల్చేశారు. ఒక్కడు బతికి బయటపడ్డాడు, అతను ఫ్రేజర్ దళం మనిషి. ఎరిక్ లింక్‌లేటర్ పుస్తకంలో ఈ సంగతి చదివి, తన కథానాయకుడు కలోడెన్ దాటి బతకాలంటే ఫ్రేజరే కావాలనుకున్నారు గాబల్డోన్. అలాగే, ఓటమి తర్వాత ఏడేళ్ళు గుహలో దాగిన ఒక ఫ్రేజర్ చరిత్రలో ఉన్నాడు. మూడో నవల ‘వాయేజర్’లో జెమీ ఏడేళ్ళు గుహలో గడుపుతాడు. ప్రేమకథలో నాయకుడు ఎన్నేళ్ళు దాగి ఉన్నాడన్నది కూడా చరిత్రలోంచి తెచ్చుకున్నదే.

ప్రేమ విషయానికి వద్దాం. ప్రేమ నవలంటే పెళ్ళి దాకా నడిచేదని లెక్క. ఇంగ్లీషులోనూ అంతే, మన దగ్గరా అంతే. గాబల్డోన్ మొదటి నవల సగం కాకుండానే క్లేర్‌కు జెమీతో పెళ్ళి చేసేశారు. అదీ మనసులు కలిసి చేసుకున్న పెళ్ళి కాదు. స్కాట్ భార్య అయితే, వెంటపడుతున్న ఇంగ్లీషు కెప్టెన్ ఆమెను లాక్కుపోలేడు, అందుకు చేసుకున్నది. పెళ్ళికూతురికి అంతకుముందే పెళ్ళయింది, వయసులోనూ వరుడి కంటే పెద్దది. తొలిరాత్రి బెదురు వరుడిది! పెళ్ళి ఎలా కుదిరిందన్నది తనకు ముఖ్యం కాదనీ, కుదిరిన పెళ్ళి యాభై ఏళ్ళు నిలవాలంటే ఏమేం కావాలో చూడాలనుకున్నాననీ ఆవిడ చాలాసార్లు చెప్పారు. పెద్దలు చేసిన పెళ్ళిళ్ళు చూసిన మనకు ఇది విచిత్రంగా తోచదు. అక్కడి పాఠకులకు తోచింది.

‘వాయేజర్’లో, ఆమె తన కాలానికి తిరిగి వెళ్ళడంతో ఇరవై ఏళ్ళు విడిపోయిన ఈ ఇద్దరూ ఎడింబరోలోని ఒక ముద్రణాలయంలో మళ్ళీ ఎదురుపడతారు. ఆమెకు యాభై దగ్గరపడుతోంది, అతనికి నలభైలు. సినిమాలో అయితే వాన, పరుగు, కౌగిలి ఉంటాయి. ఇక్కడ అతను ఆమెను చూసి స్పృహ తప్పి పడిపోతాడు. ఆమె నర్సు, ఇప్పుడు డాక్టరు కూడా. ఇరవయ్యో శతాబ్దం నుంచి ఆమె మూటగట్టుకుని వచ్చినవాటిలో పెన్సిలిన్ ఉంది, అతను ఎన్నడూ చూడని కూతురి ఫొటోలు ఉన్నాయి. ఫొటో అంటే ఏమిటో తెలియని మనిషి చేతిలో పెట్టింది. ఆ పేజీ గుర్తుండిపోయేది ఆ వస్తువుల వల్లనే. ప్రేమ ఎంత గొప్పదో ఆవిడ వర్ణించలేదు. ఏమేం సర్దుకుని వచ్చిందో రాశారు.

లోపాలు లేవా? ఉన్నాయి, చెప్పాలి. తొలి నవలలో భర్త భార్యను బెల్టుతో కొట్టే ఘట్టాన్ని ఆ కాలం అలాంటిదని సమర్థిస్తారు. కాలం అలాంటిదే కావచ్చు, కానీ ఆ ఘట్టం రాసిన ఊపులో నాకు కాలం కంటే వినోదమే ఎక్కువ కనిపించింది. అత్యాచారం కథను ముందుకు నెట్టే పనిముట్టుగా మళ్ళీ మళ్ళీ రావడం అంతకంటే ఇబ్బంది. తర్వాతి పుస్తకాలు లావెక్కాయి. ముక్కలుగా రాసేవాళ్ళకు ఇదొక జబ్బు: ప్రతి ముక్కా చేత్తో చెక్కిందే, ఏదీ పారేయబుద్ధి కాదు. అయిదో నవల ‘ది ఫియరీ క్రాస్’లో ఒక్క రోజు గడవడానికి బోలెడన్ని పేజీలు పడతాయి. నేను చదవడం ఆపి, మళ్ళీ కొన్నాళ్ళకు మొదలుపెట్టాను. ఎనిమిదో నవల 2014లో వస్తే తొమ్మిదోది 2021లో వచ్చింది. 2014లోనే ఈ నవలల ఆధారంగా టీవీ సీరియల్ మొదలై పాఠకులు పెరిగారు, తొందరపెట్టేవాళ్ళూ పెరిగారు. ఆవిడ తొందరపడలేదు.

లైబ్రరీ చదువుకు హద్దు కూడా ఉంది. మొదటి పుస్తకాల్లో స్కాట్లాండ్ గేలిక్ మాటలు నిఘంటువులు చూసి పెట్టారు. హారిస్ దీవిలో పుట్టి ఆ భాష మాట్లాడుతూ పెరిగిన పాఠకుడొకరు చదివి, ఈ గేలిక్ నిఘంటువులోంచి వచ్చినట్టుంది, కావాలంటే నేను సాయపడతానని ఉత్తరం రాశారు. మూడో నవలలో ఆ సంభాషణలు ఆయన చూసి సరిచేసినవే.

చివరగా విద్యార్థులకు. ఈ ఏడాది మాస్టారి పేరిట జరిగిన కథల పోటీకి నేనూ ఒక న్యాయనిర్ణేతను. గంధర్వులు, నాగకన్యలు, మరో లోకానికి తలుపులు — ఊహకు కొదవ లేదు. కానీ ఒక్క కథలోనూ ఆ నాగకన్య ఏం తింటుందో, తడిసిన జుట్టు ఎలా ఆరబెట్టుకుంటుందో లేదు. బహుమతి రాని కథలు ఆఫీసు గదిలో ఉన్నాయి, మార్జిన్లలో నా ప్రశ్నలు రాసిపెట్టాను. జవాబులు రాసి మళ్ళీ పంపితే చదువుతాను. ఇక మీ ప్రశ్నలు అడగండి.